తుక్కు దిబ్బ జారకుండా పోయడం ఎలా: నేల చూడటం నుంచి మొక్క నాటేదాకా

ఎర్రగుంట్ల చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఈ దిబ్బలు కొత్త కాదు. నాపరాయి తీసిన గుంత ఒకవైపు, తీయగా మిగిలిన తుక్కు ఇంకోవైపు. బేతంచెర్లలో, కొలిమిగుండ్లలో, తాడిపత్రిలో కూడా ఇదే దృశ్యం. మంగంపేటకు పోతే ముగ్గురాయి కోసం తోడిపోసిన మట్టి గుట్టలు ఏకంగా కొండల వరస అనిపిస్తాయి. గుంత గురించి అందరూ జాగ్రత్తపడతారు. కంచె వేస్తారు, బోర్డు పెడతారు. దిబ్బను మాత్రం ఎవరూ కట్టడంగా చూడరు. అది పారబోసిన చెత్త అంతే.

నేను చాలా ఏళ్లు గోదావరిఖని వైపు బొగ్గు ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేల పైనుంచే తవ్వుకుంటూ పోయే గనిలో, పనిచేశాను. ఎక్కువ కాలం ఓబీ డంపుల మీదే, అంటే బొగ్గు పైనుండే మట్టీ రాయీ తీసి పోసే చోట. తిరిగొచ్చాక ఇక్కడ క్వారీల్లో దిబ్బలు పోసే తీరు చూసి నాకు కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. మన సీమలో బొగ్గు లేదు. ఉన్నదల్లా ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రం యార్డుకు రైల్లో వచ్చే బొగ్గే. కానీ దిబ్బ జారడం ఎంత ఘోరమో ప్రపంచానికి నేర్పింది బొగ్గు గనులే. ఆ పాఠాలు మన తుక్కుకు ఎలా పనికొస్తాయో వరసగా చెబుతాను. లీజుదారులు, మేట్లు, ఫోర్‌మన్‌లు, టిప్పర్ల మేస్త్రీలు, ఎవరైనా చదవచ్చు.

మొదట ఒక సంగతి. 1966 అక్టోబర్ 21 ఉదయం తొమ్మిదింబావుకు బ్రిటన్‌లోని వేల్స్‌లో, అబర్‌ఫాన్ అనే ఊరి మీదికి బొగ్గు గని దిబ్బ జారింది. 144 మంది పోయారు. వాళ్లలో 116 మంది పిల్లలు, ఎక్కువ మంది అప్పుడే బడిలో కూర్చున్నవాళ్లు. ఆ ఏడో నంబరు దిబ్బను 1958 నుంచి పోస్తూ వచ్చారు. అడుగున నీటి ఊట ఉంది. ఆ ఊట మ్యాపుల్లో కూడా ఉంది. తెలిసిన ఊట మీదే పోశారు. దానికి తోడు బొగ్గు శుభ్రం చేయగా మిగిలిన మెత్తటి బురద కూడా అందులోకే వెళ్లింది. అంతకుముందు కొన్ని వారాలు వాన. దిబ్బ జారింది అనడం కంటే పారింది అనడం సరిగ్గా ఉంటుంది.

అందుకే ఈ పని మొత్తంలో సగం నీళ్ల పనే. మిగతా సగం టిప్పర్లు, డోజర్లు.

ఎక్కడ పోయాలి: పోయకముందే తేలిపోయే విషయం

చాలా క్వారీల్లో దిబ్బ చోటును నిర్ణయించేది డీజిల్ ఖర్చు. గుంతకు ఎంత దగ్గరైతే అంత లాభం అనుకుంటారు. నేనైతే మొదట చెప్పే మాట: వీలైతే అసలు దిబ్బే వద్దు. రాయి అయిపోయిన గుంత భాగంలోకే తుక్కును తిరిగి పోయండి. గుంతలోకి పోసిన తుక్కు గుంత దాటి బయటికి జారదు, పైగా నేల కూడా తిరిగి వస్తుంది. లీజు మొదట్లో అది కుదరదు, నిజమే. ఖాళీ గుంత ఉండాలి కదా. మూడో ఏడో నాలుగో ఏడో నుంచి కుదురుతుంది. పని మొదలుపెట్టేటప్పుడే, ఏ మూల ముందు ఖాళీ అవుతుందో ప్లాన్‌లో గీసుకోండి.

బయట పోయక తప్పనప్పుడు, చోటును వానాకాలంలో చూడండి. ఎండాకాలంలో చూస్తే మన నేల అబద్ధం చెబుతుంది. మే నెలలో నల్లరేగడి మీద గునపం దిగదు. అదే నేల నవంబర్‌లో చెప్పు ఊడబెరుకుతుంది. రేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బి జారుడవుతుంది. దాని మీద ఇరవై మీటర్ల తుక్కు పోస్తే, దిబ్బ బాగానే ఉండి కింది నేలే పక్కకు చీలిపోతుంది. ముందు పాదం దగ్గర, అంటే దిబ్బ అడుగు అంచు నేలను తాకే చోట, నేల ఉబ్బుతుంది, తర్వాత పైన చీలిక. అప్పుడు అందరూ పైన పోసినవాణ్ణి తిడతారు.

జేసీబీతో నాలుగైదు చోట్ల మూడు మీటర్ల లోతు గుంతలు తీయించండి. ఒకటి ఖచ్చితంగా పాదం రాబోయే చోట తీయాలి. రేగడి ఎంత మందం, దాని కింద ఏముంది, నీళ్లు ఊరుతున్నాయా, ఈ మూడూ రాసుకోండి. రేగడి మీటరో మీటరున్నరో ఉంటే, కనీసం పాదం కింద పట్టీలాగా పది, పదిహేను మీటర్ల వెడల్పున దాన్ని తీసేసి గట్టి నేల తగిలేదాకా పోండి. తీసిన రేగడిని పారబోయకండి, విడిగా కుప్ప పెట్టండి. చివర్లో దానితోనే పని ఉంది. రేగడి మరీ లోతుగా ఉంటే ఆ చోటు వదిలేయండి.

ఊరి పెద్దలను అడగండి. గొర్రెల కాపర్లను ఇంకా ముందు అడగండి. ఎండాకాలంలో ఎక్కడ తేమ ఉంటుందో, ఏ వంక ఎటు పారేదో వాళ్లకు తెలిసినంతగా మన సర్వే షీట్లకు తెలియదు. జమ్ము, తుంగ మొలిచిన చోటు కనిపిస్తే అక్కడ నీళ్లున్నట్టే. పదేళ్లుగా పారని వంక కూడా వంకే. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు జనం చూసింది అదే. ఎండిన ఏరు ఒక్క పూటలో ఏం చేయగలదో అప్పుడు తెలిసింది.

నేల వాలుగా ఉంటే దిబ్బను వాలు మీద అలాగే పోయకండి. వాలును మెట్లు మెట్లుగా కోసి, ఒక్కో మెట్టు మీద తుక్కు కూర్చునేలా పోయాలి. మరీ నిట్టనిలువు వాలైతే ఆ చోటే వద్దు.

దూరాల మాట. 2017 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, దిబ్బ పాదం గని నోటికి గానీ, రైలు దారికి గానీ, పబ్లిక్ రోడ్డుకు గానీ, యజమానివి కాని ఇళ్లకు గానీ 45 మీటర్ల లోపలికి రాకూడదు. మధ్యలో కంచె ఉండాలి. మన క్వారీలకు వర్తించేవి 1961 నాటి మెటల్ గనుల నిబంధనలు. అయినా నేను ఎక్కడికి పోయినా బొగ్గు లెక్కనే కనీస హద్దుగా పెట్టుకుంటాను. ఇంకో రకం పక్కవాడు కూడా ఉన్నాడు, నీళ్లు నిండిన పాత గుంత. మయన్మార్‌లోని హ్పాకాంత్ పచ్చరాయి గనుల దగ్గర 2020 జులై 2న తుక్కు గుట్ట వానకు జారి గుంతలోని నీళ్లలో పడింది. ఆ నీళ్లు అలలా లేచి 170 మందికి పైగా కార్మికులను మింగేశాయి. మన దగ్గర పాత నాపరాయి గుంతల్లో నీళ్లు, పక్కనే దిబ్బ, కింద బట్టలు ఉతికేవాళ్లు. ఆ దృశ్యం ఎక్కడ చూసినా నాకు హ్పాకాంతే గుర్తొస్తుంది.

వాలు లెక్క: కాగితం మీద పది నిమిషాల పని

కళ్లంలో వేరుశనగ కాయలు కుప్ప పోస్తే ఒక వాలు దగ్గర ఆగిపోతాయి. ఇంకా పోస్తే పక్కలకు జారతాయి. తుక్కుదీ అదే గుణం. టిప్పర్ నుంచి పోసిన రాళ్లు దాదాపు 35 నుంచి 38 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. "నిలబడింది కదన్నా, ఇంకేం కావాలి" అంటారు. ఆ వాలు దగ్గర దిబ్బ నిలబడటం అంటే అంచు మీద నిలబడటమే. నిలిపే బలం, జార్చే బలం సమానంగా ఉన్నాయని అర్థం. కొంచెం నీళ్లో, కొంచెం అదురో చాలు. నిలిపే బలం జార్చే బలానికి 1.3 నుంచి 1.5 రెట్లు ఉండేలా చూసుకోవడం ఇంజనీర్ల వాడుక.

బొగ్గు నిబంధనలు చెప్పేది ఇది: ఏ దిబ్బ వాలూ 37.5 డిగ్రీలు దాటకూడదు. ఎత్తు 30 మీటర్లు దాటితే మెట్లు కట్టాలి, ఒక్కో మెట్టు ఎత్తు 30 మీటర్లకు మించకూడదు. మొత్తం వాలు ఒక మీటరు ఎత్తుకు మీటరున్నర వెడల్పు కంటే నిటారుగా ఉండకూడదు. ఇవి పెద్ద గనుల్లో, పెద్ద యంత్రాలతో, సర్వేయర్ల కాపలాలో చేసే పనికి పెట్టిన గరిష్ఠ హద్దులు. మన చిన్న క్వారీలకు నేను చెప్పేది ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వెడల్పు.

ఒక ఉదాహరణ వేద్దాం. ఎనిమిదేసి మీటర్ల మూడు అంతస్తులు, మొత్తం 24 మీటర్లు. తుక్కు తనంతట తాను 37 డిగ్రీల దగ్గర నిలిస్తే, ఒక్కో అంతస్తు వాలుకు 10.6 మీటర్ల వెడల్పు పోతుంది. మూడింటికి దాదాపు 32. అంతస్తుల మధ్యలో చదునుగా వదిలే రెండు మెట్లు, ఒక్కోటి 8 మీటర్ల వెడల్పు, కలిపి 16. మొత్తం 48 మీటర్లు. 24కు 48, సరిగ్గా ఒకటికి రెండు. పైన టిప్పర్లు తిరగడానికి 40 మీటర్ల చదును కావాలంటే, అడుగున 136 మీటర్ల చదరం కావాలి. అంటే నాలుగున్నర ఎకరాలు. అందులో దాదాపు రెండు లక్షల ఘనపు మీటర్ల తుక్కు పడుతుంది.

అయితే నేలలో ఉన్న ఘనపు మీటరు తవ్వి పోస్తే ఘనపు మీటరు కాదు, పొంగుతుంది. రాయికి 30 శాతం వేసుకోండి. కాబట్టి ఆ రెండు లక్షలు అంటే నేలలో ఉన్నది సుమారు లక్షా యాభై వేలు మాత్రమే. ఈ పొంగు లెక్క వేయని లీజుదారుడికి రెండో ఏడే చోటు చాలదు. చోటు చాలక వాలు నిటారు చేస్తాడు, మెట్లు మింగేస్తాడు. నేను చూసిన చెడ్డ దిబ్బల్లో చాలావాటి కథ ఇదే. దురాశ కంటే లెక్క తప్పడమే ఎక్కువ.

నీళ్లను ముందు మళ్లించాలి

పిల్లలు పెన్నా ఇసుకలో గూళ్లు కడతారు. కొంచెం తడి ఉన్న ఇసుక నిలుస్తుంది. చెంబుడు నీళ్లు పోస్తే కూలుతుంది. గింజల మధ్య నీళ్లు నిండి, గింజకు గింజకు మధ్య ఒత్తిడిని నీళ్లే మోయడం మొదలుపెడితే రాపిడి పోతుంది. దిబ్బ లోపల జరిగేదీ అదే, బయటికి కనపడదు అంతే.

మనది కరువు సీమ కదా, వానలెక్కడివి అంటారు. కడపలో ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్లు అటూ ఇటుగా, అనంతపురంలో ఇంకా తక్కువ. కానీ అది ఏడాదంతా పంచుకుని పడదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే అక్టోబర్, నవంబర్లలో రెండు రోజుల్లోనే భారీ వాటా కుమ్మరిస్తుంది. పైన వేసిన నాలుగున్నర ఎకరాల దిబ్బ మీద 100 మిల్లీమీటర్లు పడితే పద్దెనిమిదిన్నర లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 370 తెచ్చి దిబ్బ మీద ఒంపినట్టు. ఏడాదిలో మిగతా పది నెలలు పొడిగా ఉండటం వల్ల మనకు వచ్చేది ధీమా ఒక్కటే, భద్రత కాదు.

తొలి టిప్పర్ రాకముందే దిబ్బకు పైవైపున కాలువ తవ్వాలి. సింగరేణిలో దీన్ని గార్లాండ్ డ్రెయిన్ అంటారు, దండలాగా చుట్టూ తిరుగుతుందని. సైజుకు ఒక మోటు లెక్క: పైనుంచి 12 ఎకరాల నీళ్లు దిబ్బ వైపు వస్తాయనుకోండి. గంటకు 75 మిల్లీమీటర్ల వాన, అందులో 60 శాతం పారుదల వేసుకుంటే సెకనుకు 600 లీటర్లకు పైమాటే. అడుగు వెడల్పు మీటరు, పక్కలు ఏటవాలు, నీటి లోతు అర మీటరు ఉన్న కాలువ సెకనుకు మీటరు వేగంతో దాన్ని మోస్తుంది. తవ్వడం మాత్రం మీటరు లోతు తవ్వండి. పూడిక ఎలాగూ వస్తుంది. కాలువ చివర ఒక గుంత పెట్టి బురద అక్కడ దిగాకే నీళ్లు వంకలోకి వదలండి. కింది పొలాల రైతుతో తగాదా కూడా తప్పుతుంది.

తర్వాత అడుగున రాతి పరుపు. ఇక్కడ మన అదృష్టం బాగుంది. బొగ్గు గనుల్లో గట్టి రాయి వెతుక్కోవాలి, మన దగ్గర తుక్కే గట్టి రాయి. పెద్ద పెద్ద బండ ముక్కలతో, మట్టి కలవకుండా, పాదం పొడవునా, లోపలికి పాయలు పాయలుగా మీటరు మందం పరవండి. దిబ్బలోకి దిగిన నీళ్లు దాని గుండా బయటికి పోతాయి. పాదం దగ్గర రాళ్లను పేర్చి గోడలా కట్టాలనుకుంటే సిమెంటు పూయకండి. మన ఊళ్లలో నాపరాళ్లను మట్టి లేకుండా పేర్చి ప్రహరీ కడతారే, అలా. సిమెంటు గోడ కట్టి నీళ్లకు దారి మూసేస్తే అది దిబ్బను ఆపదు, నీళ్లను ఆపుతుంది. ఆ తర్వాత రెండూ కలిసి వస్తాయి.

దేన్ని ఎక్కడ పోయాలి

తుక్కంతా ఒకటి కాదు. గట్టి రాయి పాదానికి, అడుక్కి, బయటి ముఖానికి. మట్టి, మెత్తటి షేల్ (బంకమట్టి గట్టిపడి పొరలుగా మారిన రాయి) మధ్యలోకి. షేల్ విషయంలో మోసపోకండి. తవ్వినప్పుడు రాయిలా గణగణమంటుంది, రెండు వానలు పడితే పెళుసుబారి బంకమట్టి అవుతుంది. ఒక ముక్కను బకెట్ నీళ్లలో వేసి తెల్లారి చూడండి. కరిగి పొరలు పొరలుగా విడిపోతే దాన్ని రాయి లెక్కలో వేయకండి.

నాపరాయి తుక్కుకు దాని సొంత జబ్బు ఒకటుంది. ముక్కలు పలకల్లా ఉంటాయి. అంచు నుంచి ఒంపితే పలకలన్నీ వాలు వెంట, ఒకదాని మీద ఒకటి బోర్లా పడుకుంటాయి. పేకముక్కల కట్టను ఏటవాలుగా పెట్టినట్టే. గుండ్రటి రాళ్లయితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పలకలు పట్టుకోవు. డోజర్‌తో తొక్కించి ముక్కలు చేసి, రాయినీ సన్న తుక్కునూ కలిపి పరిస్తే ఈ బాధ తగ్గుతుంది.

పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురదను దిబ్బలోకి ఎట్టి పరిస్థితుల్లో రానీయకండి. సందుల్లో దూరి నీటి దారులన్నీ మూసేస్తుంది. అబర్‌ఫాన్ దిబ్బలోకీ అలాంటి మెత్తటి బురదే వెళ్లింది. దానికి విడిగా కట్ట కట్టి, ఎండబెట్టి, ఇటుకలవాళ్లకు ఇవ్వగలిగితే ఇవ్వండి. తమ్ముడి ఫ్యాక్టరీ నుంచి పది ట్యాంకర్లే కదా అని మొహమాటపడితే అక్కడితో ఆగదు.

చెట్లు, కంపలు, పాత టైర్లు కూడా వద్దు. కుళ్లి ఖాళీలు ఏర్పడతాయి.

బొగ్గు దిబ్బల్లో ఇంకో ప్రమాదం ఉంది, నిప్పు. బొగ్గు కలిసిన షేల్‌లోకి గాలి దూరితే లోపల వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. అందుకే అలాంటి తుక్కును పలుచటి పొరలుగా పరిచి, అదిమి, మట్టితో కప్పేస్తారు. వాన వెలిశాక దిబ్బ మీద ఒకచోటే ఆవిరి లేస్తుంటే, గంధకం వాసన వస్తుంటే నిప్పు పడ్డట్టే. దాని మీద నేరుగా నీళ్లు కొట్టకూడదు, ఆవిరి పేలుతుంది. పైన నడవనూ కూడదు, లోపల కాలి డొల్లగా ఉంటుంది. ఎడంగా ఉండి పొక్లెయిన్‌తో విడదీసి, పరిచి, చల్లార్చాలి, లేదా మట్టితో పూర్తిగా ఊపిరాడకుండా కప్పాలి. నాపరాయికి ఈ బెడద లేదు. మన పిల్లలు చాలామంది బొగ్గు గనులకు ఉద్యోగాలకు పోతున్నారు కాబట్టి చెప్పాను.

పోయడం

అడుగు నుంచి పైకి పోయాలి. ఎత్తయిన చోటెక్కి కిందికి ఒంపడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు. కింది అంతస్తు మొత్తం పొడవునా పూర్తిచేసి, మెట్టు వదిలి, తర్వాతే రెండోది మొదలుపెట్టాలి. ఒకే మూలలో రోజుల తరబడి ఒంపకండి. కింది పొరలో ఒత్తిడికి గురైన నీళ్లకు బయటికి పోయే వ్యవధి ఉండాలి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ, ఎల్లుండి ఇంకో కొస.

రెండు మీటర్ల పొరలుగా పోసి డోజర్‌తో పరిపించగలిగితే అదే మేలు. టిప్పర్ చక్రాలే ఉచిత రోలర్లు. ఒకే దారిన కాకుండా వెడల్పంతా తిరిగేలా దారి మార్చుతూ ఉండండి. దిబ్బ పైచదును అంచు వైపు కొంచెం ఎత్తుగా, లోపలికి కొంచెం వాలుగా ఉండాలి. నీళ్లు అంచుకు పోవు, టిప్పర్ వెనక్కి వచ్చేటప్పుడు ఎదురెక్కుతుంది కాబట్టి ఆపడం తేలిక. లోపలికి వచ్చిన నీళ్లు అక్కడే కుంట కట్టకుండా రాళ్లు పరిచిన ఒక దారి గుండా కిందికి దిగాలి. మెట్లదీ ఇదే పద్ధతి, 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున లోపలికి వాలు.

అంచు దగ్గర టిప్పర్ల విషయం మీద కాసేపు ఆగాలి. దిబ్బ కూలి పోయినవాళ్ల గురించి పేపర్లో వస్తుంది. టిప్పర్ వెనక్కి దొర్లి పోయిన డ్రైవర్ గురించి జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లు వస్తే గొప్ప. అంచున మట్టి గట్టు ఉండాలి, ఎత్తు కనీసం పెద్ద టిప్పర్ చక్రంలో సగం, నేనైతే మీటరుకు తగ్గనివ్వను. ఆ గట్టు హద్దు చూపడానికే, గుద్ది ఆపడానికి కాదు. డ్రైవర్లు చక్రం తగిలేదాకా వెనక్కి రావడం అలవాటు చేసుకుంటారు, అది మాన్పించండి. అంచుకు ఐదారు మీటర్ల ఇవతలే ఒంపి, మిగతాది డోజర్ తోయాలి. డోజర్ ఖర్చని అంచునే ఒంపించే క్వారీలో నేను నా తమ్ముడి కొడుకును పనికి పంపను.

రేగడి తడిగా ఉన్నప్పుడు ఇంకో చిక్కు. బాడీ పైకి లేపినా మట్టి అతుక్కుని జారదు, బరువంతా ఎత్తులో ఉండిపోతుంది, ఒకవైపు చక్రం దిగబడిందంటే బోల్తా. అందుకే టిప్పర్ అంచుకు సూటిగా, చదును మీద నిలబడ్డాకే బాడీ లేపాలి. అతుక్కుందని ముందుకూ వెనక్కూ కుదపకూడదు. సైగలు చేసే మనిషి డ్రైవర్ వైపు, అద్దంలో కనపడేలా నిలబడాలి. వాన పడుతున్నంతసేపూ, వెలిశాక మేట్ అంచు మొత్తం నడిచి చూసేదాకా, పోయడం బంద్. రాత్రి లైట్లు లేకపోతే రాత్రి షిఫ్ట్ కూడా లేదు.

కాపలా

రెండు మేకులు, ఒక టేపు, ఒక నోట్‌బుక్. దీనికంటే ఎక్కువ లేకపోయినా చాలా చేయొచ్చు. పెద్ద గనుల్లో ప్రిజమ్‌లు, టోటల్ స్టేషన్ లాంటి సర్వే పరికరాలు, వాలు కదలికను పట్టే రాడార్లు కూడా ఉంటాయి. అవన్నీ చేసేది కూడా ఒకటే, రోజుకు ఎంత కదిలింది అని చెప్పడం.

పైచదును మీద అంచుకు సమాంతరంగా సన్న నెర్రె కనిపిస్తే దాన్ని మట్టితో కప్పేసి ఊరుకోకండి. ముందు నెర్రెకు అటొకటి ఇటొకటి ఇనుప మేకులు దిగ్గొట్టి మధ్య దూరం కొలిచి తేదీతో రాయండి. ఆ తర్వాత నీళ్లు దిగకుండా నెర్రెను బంకమట్టితో పూడ్చండి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి కొలవాలి. కొత్త దిబ్బ కొంచెం దిగడం సహజం. భయపడాల్సింది దూరానికి కాదు, వేగానికి. సోమవారం 2 మిల్లీమీటర్లు, మంగళవారం 2, బుధవారం 1 అయితే దిబ్బ సర్దుకుంటోంది. 2, 3, 6, 11 అయితే నాలుగో రోజు కింద ఒక్క మనిషీ ఉండకూడదు.

పైన నెర్రె చూసినవాళ్లు కింద పాదం కూడా చూడాలి. నేల ఉబ్బిందా, కంచె రాళ్లు వంగాయా, నిన్న లేని చెమ్మ ఇవాళ ఉందా, పాదం నుంచి వచ్చే నీళ్లు తేటగా వస్తున్నాయా బురదగా వస్తున్నాయా. తేట నీళ్లు వస్తుంటే సంతోషించండి, పరుపు పనిచేస్తోంది. బురద నీళ్లు వస్తే లోపల కోసుకుపోతోంది. ఎప్పుడూ వచ్చే నీళ్లు వానలో కూడా ఆగిపోతే అది అన్నిటికన్నా చెడ్డ సూచన, దారి మూసుకుపోయి లోపల నిండుతోంది.

ఇక మన ప్రాంతపు అసలు జబ్బు, పాదం తవ్వడం. రోడ్డు పనికి గ్రావెల్ కావాలి, ఎవరి ఇంటి పునాదికో తుక్కు కావాలి. రాత్రిపూట జేసీబీ, నాలుగు ట్రాక్టర్లు. దిబ్బలో ఎక్కడ తీసినా ఫర్వాలేదు గానీ పాదంలో తీస్తే మొత్తం దిబ్బ కాళ్లు తీసినట్టే. నేను పనిచేసిన ఒక క్వారీలో ఇలాగే పాదంలో పది మీటర్ల మేర గుహలా తొలిచేశారు. తొలిచినవాడు కూడా మావాడే, ఊరి గుడి అరుగు కోసమట. "దేవుడి పనికి ఏం కాదులేన్నా" అన్నాడు. మూడు వారాలకు వాన పడి పైమెట్టు సగం దిగింది. మధ్యాహ్నం అన్నాలకు పోయిన వేళ కాబట్టి ఎవరికీ దెబ్బ తగలలేదు. అప్పటినుంచి మేము తుక్కు అడిగినవాళ్లకు పైచదును మీద ఒక మూల చూపించి, పగలే ఇస్తున్నాం. ఇవ్వం అని చెబితే రాత్రి వస్తారు, కాబట్టి ఇవ్వడమే నయం.

పాదం కింద ముక్కలు ఏరుకునే ఆడవాళ్లు, నీడకు కూర్చునే కాపర్లు ఉంటారు. బోర్డు చదవరని మీకు తెలుసు. ఏరుకోవడానికి విడిగా ఒక కుప్ప పోసి పెట్టండి, వాళ్లు అక్కడికే పోతారు.

జారడం మొదలైతే

2016 డిసెంబర్ 29న ఝార్ఖండ్‌లోని లాల్‌మటియా బొగ్గు గనిలో ఓబీ జారి 23 మంది చనిపోయారు. అలాంటి చోట మనుషులను బయటికి తేవడానికి మిగిలేది నిమిషాలే. కాబట్టి వేగం పెరిగిందని తెలిసిన క్షణం నుంచి ఒకటే వరస: కింద ఉన్నవాళ్లు ముందు, యంత్రాలు తర్వాత, యంత్రాలు రాకపోయినా ఫర్వాలేదు. పైన పోయడం ఆపేయాలి. దారికి రెండు వైపులా మనుషులను నిలబెట్టాలి. మైనింగ్ శాఖకు, గనుల భద్రతా డైరెక్టరేట్‌కు ఫోన్ చేయాలి. దాచిపెడితే తర్వాత ఇంకా పెద్ద టెన్షన్.

జారి కింద పడ్డ మట్టిని వెంటనే ఎత్తకండి. రోడ్డు మూసుకుపోయిందని పొక్లెయిన్ దింపాలనిపిస్తుంది. ఆ పడ్డ మట్టే ఇప్పుడు మిగతా దిబ్బకు ఊతం. కదలిక పూర్తిగా ఆగి, కొలతల్లో కొన్ని రోజులు మార్పు లేదని తేలాక, పైనుంచి బరువు దింపుకుంటూ రావాలి. పాదానికి పెద్ద రాళ్ల ఊతం వేయడం ఆ తర్వాతి పని, అదీ ఇంజనీరు వచ్చి చూశాక.

దిబ్బ నిండాక

పూర్తయిన అంతస్తును పై అంతస్తు కోసం ఆగకుండా అప్పుడే సర్దుకోవచ్చు. మెట్ల అంచులు డోజర్‌తో తోసి, ముఖాన్ని మొత్తం వాలుకు దగ్గరగా, దాదాపు 28 డిగ్రీలకు తెస్తే మొక్క నిలుస్తుంది. మొదట్లో విడిగా కుప్ప పెట్టిన పైమట్టిని ఇప్పుడు అడుగు మందం పరవండి. వాలు మీద నల్లరేగడి ఒక్కటే పరిస్తే తొలి వానకే జారుతుంది, సన్న తుక్కు కలిపి పరవండి.

మొక్కలకు మన నేల అనుభవమే చాలు. మెట్ల అంచున కిత్తనార, వట్టివేరు వరసలు. వాలు మీద స్టైలో గడ్డి విత్తనం. మెట్ల మీద కానుగ, వేప, సీతాఫలం, రేగు. చిల్లకంప మీరు నాటకపోయినా వస్తుంది. కొందరు పీకేయమంటారు, నేనైతే మొదటి మూడేళ్లు వాలు మీద ఉండనిస్తాను, మట్టిని పట్టుకుంటుంది. కాలువల్లో మొలిస్తే మాత్రం వేరుతో సహా తీయించాలి. తొలకరికి నాటి, తొలి రెండు వేసవులు నీళ్లు పోయాలి. గొర్రెలను ఆ రెండేళ్లు ఆపగలిగితే సగం గెలిచినట్టే, కాపరికి ఇంకో చోట గడ్డి చూపించకుండా ఆపలేరు.

ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు, మే చివర్లో ఒకసారి, సెప్టెంబర్ చివర్లో ఒకసారి, పార పట్టిన ఇద్దరు మనుషులతో గార్లాండ్ డ్రెయిన్ మొదటి నుంచి చివరిదాకా నడవండి. పూడిక తీయించండి. మేకుల మధ్య దూరం కొలిచి అదే నోట్‌బుక్‌లో రాయండి. క్వారీ చేతులు మారితే ఆ నోట్‌బుక్ కూడా లీజు కాగితాలతో పాటే ఇవ్వండి.